తేదీ 8 అంకెల దశాంశ సంఖ్యగా ఉంటే కాలమ్‌ను మార్చాలా, క్వెరీని మార్చాలా?

పాతపట్టిక: డీబీ2 డేటాబేస్‌లో ఉన్న మా బిల్లుల పట్టికలో తేదీ కాలమ్ డెసిమల్ (8,0), అంటే దశాంశ భాగం లేని 8 అంకెల సంఖ్య. 2024 మార్చి 15 అందులో 20240315గా ఉంటుంది. గత 30 రోజుల బిల్లుల కోసం ఆ కాలమ్‌ను క్వెరీలోనే (డేటాబేస్‌ను అడిగే ప్రశ్నలోనే) తేదీగా మార్చి పోలుస్తున్నాం. చాలా నెమ్మదిగా నడుస్తోంది. కాలమ్‌నే డేట్ రకంలోకి మార్చేద్దామని నేను, అక్కర్లేదని మా జట్టులో సగం మంది. మీరేమంటారు?

ఇండెక్స్‌వాది: అక్కర్లేదు. కాలమ్‌ను ఫంక్షన్‌లో పెడితే ప్రతి వరుసకూ మార్పిడి జరుగుతుంది, దాని మీదున్న మామూలు ఇండెక్స్ (వరుసలను త్వరగా వెతికిపెట్టే సూచిక) పనికిరాదు. 30 రోజుల కిందటి తేదీని ముందే లెక్కకట్టి, ఒక్కసారి 8 అంకెల సంఖ్యగా మార్చి, కాలమ్‌ను దానితో పోల్చండి. ముందు సంవత్సరం, తర్వాత నెల, ఆపైన రోజు కాబట్టి సంఖ్యల క్రమమే తేదీల క్రమం.

క్యాలెండర్: పోలిక వరకు నిజమే. తీసివేత మాటేమిటి? 20240301లోంచి 20240228 తీస్తే 73 వస్తుంది, అసలు తేడా రెండు రోజులు. 20240131కి ఒకటి కలిపితే జనవరి 32. గడువులు, వడ్డీలు ఇలా లెక్కగట్టిన ప్రోగ్రాములు ఉంటాయి, ఆ తప్పు డబ్బు రూపంలో బయటపడుతుంది. పైగా ఆ కాలమ్ 20240230ని కూడా కిమ్మనకుండా తీసుకుంటుంది. డేట్ రకమైతే తీసుకోదు. నాకు అదే ముఖ్యం.

పాతపట్టిక: డేట్ ఫంక్షన్‌కు 20240315 నేరుగా ఇస్తే ఎర్రర్ వస్తోంది. ఎందుకు?

క్యాలెండర్: డీబీ2 ఆ సంఖ్యను రోజుల లెక్కగా చదువుతుంది. 0001 జనవరి 1 అంటే 1. ఆ లెక్కన 9999 డిసెంబరు 31 కూడా 3652059 మాత్రమే, మీ సంఖ్య దాన్ని ఎప్పుడో దాటేసింది. ముందు అక్షరాలుగా మార్చి, ఏ అంకెలు ఏమిటో నమూనా ఇచ్చి చదివించండి. ఒక డేటాబేస్ అలవాటును ఇంకోదానికి మోయకండి. ఎస్‌క్యూఎల్ సర్వర్ అనే ఇంకో డేటాబేస్‌లో డేట్‌టైమ్‌ను (తేదీ, సమయం కలిసిన రకాన్ని) పూర్ణాంకంగా మారిస్తే, మధ్యాహ్నం 12 దాటిన సమయానికి మర్నాటి సంఖ్య వస్తుంది.

ఇండెక్స్‌వాది: తీసివేతలు అవసరమైన చోట, ఎంపికైన వరుసలనే తేదీలుగా మార్చుకుంటే సరిపోతుంది. కాలమ్ రకం మారిస్తే దాన్ని చదివే ప్రతి ప్రోగ్రామునూ తిరగరాయాలి. ఆ శ్రమ ఎవరు పడతారు?

నివేదికలు: రోజుకో వరుసతో ఒక క్యాలెండర్ పట్టిక పెట్టుకోండి. ఒక కాలమ్‌లో సంఖ్య, పక్కన అసలు తేదీ. 50 ఏళ్లకైనా 18 వేల పైచిలుకు వరుసలే. బిల్లులను సంఖ్య మీద జోడిస్తే మార్పిడి ఫంక్షనే అక్కర్లేదు. జత దొరకని వరుసలే మీ చెడ్డ తేదీలు.

క్యాలెండర్: బాగుంది, కానీ కొత్త చెడ్డ తేదీలను ఇది ఆపదు. కనీసం ఆ పట్టికకు ఫారిన్ కీ (అందులో ఉన్న సంఖ్యలనే బిల్లుల్లోకి రానిచ్చే నియమం) పెట్టండి. అంతకుముందు తేదీకి బదులు 0, 99999999 లాంటివి ఉన్న వరుసలు ఎన్నో చూసుకోండి, అవి ఉంటే ఆ కీ పడదు.