రెండు సోలలు సరే, ‘రెండు సోలెడు’ ఎందుకు కాదు?

ప్రశ్న (కొత్త సభ్యురాలు):

అందరికీ నమస్కారం. ఈ వేసవిలో మా అత్తగారి పక్కన కూర్చుని ఆవకాయ కొలతలు రాసుకున్నాను. ఆవిడ చెప్పిన తీరు ఇలా ఉంది: “సోలెడు ఆవపిండి, సోలెడు కారం, ఉప్పు ముప్పావు సోల. ముక్కలు ఎక్కువైతే కారమూ ఆవపిండీ రెండేసి సోలలు వెయ్యి.” ఒకటికి ‘సోలెడు’ అన్న మనిషి రెండుకు ‘సోలలు’ అన్నారు. ముప్పావుకు వచ్చేసరికి ‘ఎడు’ మళ్ళీ మాయం. ఎందుకని అడిగితే, “అలాగే అంటాం, నీకెందుకు, ముందు నూనె కాచు” అన్నారు. దీనికేమైనా నియమం ఉందా?

జవాబు (పదవీ విరమణ చేసిన తెలుగు ఉపాధ్యాయుడు):

అమ్మా, నియమం ఉంది, మీ అత్తగారు దాన్ని ఎక్కడా తప్పలేదు. ‘ఎడు’ అనే ప్రత్యయంలో ‘ఒక’ అన్న అర్థమూ ‘నిండా’ అన్న అర్థమూ కలిసే ఉన్నాయి. సోలెడు అంటే ఒక సోల నిండా పట్టినంత. లోపల ఒకటి కూర్చుని ఉండగా బయట రెండు పెడితే పొసగదు. అందుకే మూరెడు మల్లెలు, రెండు మూరల మల్లెలు. గుక్కెడు నీళ్ళు, రెండు గుక్కల నీళ్ళు. పిడికెడు బియ్యం, నాలుగు పిడికిళ్ళ బియ్యం. మరి ‘ఒక గుక్కెడు నీళ్ళివ్వమ్మా’ అంటాం కదా అని ఎవరైనా అడగవచ్చు. ఆ ‘ఒక’ లెక్కకు వచ్చింది కాదు, అడగడంలోని మొహమాటానికి వచ్చింది. ‘ఒక మాట చెప్పనా’ అని మొదలుపెట్టి గంటసేపు చెప్పేవాళ్ళు లేరూ?

ఇక ముప్పావు సంగతి. పాత కొలపాత్రల వరస చూస్తే తేలిపోతుంది. కోస్తా వైపు ఎక్కువగా వినబడే లెక్క ఇది: నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, నాలుగు మానికలు ఒక కుంచం, నాలుగు కుంచాలు ఒక తూము, ఇరవై తూములు ఒక పుట్టి. అంటే పుట్టికి 320 మానికలు. పాత్రల పరిమాణం సీమను బట్టి మారేది, కొన్నిచోట్ల ఊరిని బట్టీ మారేది. గిద్దకు పాత్ర ఉంది, అరసోలకు పాత్ర ఉంది, సోలకు ఉంది. కాబట్టి గిద్దెడు, అరసోలెడు, సోలెడు. ముప్పావు సోలకు విడిగా పాత్ర లేదు, సోలలో కంటితో చూసి వెలితిగా పోయాల్సిందే. పాత్ర లేనిచోట ‘ఎడు’ నిలవదు.

పాత్ర అంటే ఇత్తడిదో ఇనుపదో కానక్కర్లేదు, చెయ్యి చాలు. చిటికెడు పసుపు, పిడికెడు అటుకులు, చేరెడు గింజలు, పుడిసెడు నీళ్ళు, దోసెడు పూలు. వేళ్ళ కొసలు కలిస్తే చిటికెడు, మూసిన చెయ్యి పిడికెడు, తెరిచి గుంటగా పట్టిన ఒక చెయ్యి చేరెడు, రెండు చేతులూ కలిస్తే దోసెడు. పొడవుకూ ఒళ్ళే కొలబద్ద. బెత్తెడు, జానెడు, మూరెడు, బారెడు. రెండు జానలు ఒక మూర, నాలుగు మూరలు ఒక బార. ‘బారెడు పొద్దెక్కినా మంచం దిగడు’ అని ఊళ్ళో తిడితే, ఆ తిట్టులో సూర్యుణ్ణి కూడా చేతులు చాపి కొలిచారన్నమాట.

వేమన పద్యం చిన్నప్పుడు అందరం వల్లెవేసిందే:

గంగిగోవు పాలు గరిటెడైనను చాలు
కడివెడైన నేమి ఖరము పాలు
భక్తి గలుగు కూడు పట్టెడైనను చాలు
విశ్వదాభిరామ వినుర వేమ

మూడు పాదాల్లో మూడు ‘ఎడు’లు. గరిటెడు, కడివెడు, పట్టెడు. మూడూ వంటింటివే, మూడూ ఒకటేసి. ఈ పద్యాన్ని పిల్లలకు నీతి కోసం చెబుతాం గానీ, ఈ ప్రత్యయం నేర్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. కడవ ‘కడివెడు’ అయింది, పట్టు ‘పట్టెడు’ అయింది.

పాలమూరు వైపు రైతు:

మాస్టారూ, మా దగ్గరా ఇదే పద్ధతి. శేరెడు, సోలెడు, తవ్వెడు, చాటెడు వడ్లు, ముంతెడు కల్లు. ఒక సంగతి కలుపుతాను. కళ్ళంలో వడ్లు కొలిచేటప్పుడు మా పెద్దలు మొదటి కొలతకు ‘ఒకటి’ అనేవారు కాదు, ‘లాభం’ అనేవారు. లాభం, రెండు, మూడు అని సాగేది. కొలిచే మనిషి వంగి రాశిలోకి పాత్ర గుచ్చి, పైకెత్తి, పైన కుప్పగా నిలిచినదాన్ని చేత్తో చదును చేసి పోసేవాడు. చదును చెయ్యాలా, కుప్పతోనే పొయ్యాలా అన్నదాని మీద ఎన్ని తగాదాలయ్యేవో. కూలికి కొలిచేటప్పుడు చదును, అప్పు వడ్లు తిరిగి తీసుకునేటప్పుడు కుప్ప. మానెడు మానెడే, మనిషిని బట్టి రెండు రకాలు. అందరూ అలా చేశారని అనను, చేసినవాళ్ళ పేర్లు మాత్రం ఊరు ఇంకా మరిచిపోలేదు.

తెలుగు ఉపాధ్యాయుడు:

బాగా చెప్పారు. ‘లాభం’ మా వైపూ ఉంది. సంతలో వేరుశనక్కాయలు డబ్బాతో కొలిచేవాళ్ళు ఈనాటికీ అలా మొదలుపెట్టడం విన్నాను. కొలత పూర్తయ్యాక కొసరు అడగడం కొన్నవాళ్ళ హక్కు. డబ్బాడు కాయలకు గుప్పెడు కొసరు. ఆ గుప్పెడు చిన్నపిల్లాడి గుప్పెడా, పెద్దవాడి గుప్పెడా అన్నది బేరం.

పూల దగ్గరైతే మరీ విచిత్రం. మూరెడు అంటే అమ్మే ఆవిడ మోచేతి నుంచి వేలి కొస దాకా. కొనే ఆవిడ పొడగరి అయితే తన చెయ్యి చాపి, “నా మూరతో కొలువమ్మా” అంటుంది. అమ్మే ఆవిడ దారం కొస మోచేతి మడత దగ్గర బొటనవేలితో అదిమిపట్టి, మాలను బిగించి లాగి, వేలి కొస దగ్గర తుంచేలోపు అంగుళం వెనక్కి జరుపుతుంది. ఆ అంగుళం కోసమే చూపులన్నీ. పొట్టి చేతుల అమ్మకందారుకు వ్యాపారంలో కాస్త సౌకర్యం ఉందని ఒప్పుకోక తప్పదు.

డాలస్ నుంచి ఒక సభ్యుడు:

నాది చిన్న సందేహం. 1956లో తూనికలు, కొలతల చట్టం వచ్చింది, 1960ల మొదట్లోనే కిలో, లీటరు తప్పనిసరి అయ్యాయి. సోలా తవ్వా పోయాయి కాబట్టి ‘ఎడు’ కూడా పోతున్నట్టే కదా? ‘కిలోడు’ అని ఎవరూ అనరు.

తెలుగు ఉపాధ్యాయుడు:

‘కిలోడు’ అనరు, నిజమే. ‘లీటరెడు’ అనీ అనరు. కానీ గ్లాసెడు మజ్జిగ అంటారు, చెంచాడు పంచదార, కప్పెడు కాఫీ, బకెట్టెడు నీళ్ళు, సీసాడు నూనె, డబ్బాడు మరమరాలు. ఇవన్నీ బయటి నుంచి వచ్చిన మాటలే. గ్లాసుకు ఎడు తగిలించడానికి తెలుగువాళ్ళు ఎవరినీ అడగలేదు. కాబట్టి మాట కొత్తదా పాతదా అన్నది అసలు సమస్య కాదు. కిలో ఒక సంఖ్య, దానికి అంచు లేదు, నిండడం లేదు. గ్లాసుకు అంచు ఉంది. శేరు చూడండి, శేరు పాత్రతో కొలిచినన్నాళ్ళూ ‘శేరెడు’ చక్కగా బతికింది.

గుంటూరు జిల్లా నుంచి ఒక సభ్యురాలు:

అయ్యా, అంచు ఉన్నా ‘ఎడు’ రాని చోట్లు ఉన్నాయి. మాది చిన్న టౌను, ఇంటింటికీ ఇరవై లీటర్ల మంచినీళ్ళ క్యాన్లు ఆటోలో వస్తాయి. “ఒక క్యాను దించు బాబూ” అంటాం గానీ ‘క్యానెడు నీళ్ళు’ అనం. అదే కుళాయి దగ్గరకు పోతే ‘బిందెడు నీళ్ళు’. క్యానూ పాత్రే, బిందే పాత్రే. పాల ప్యాకెట్టు కూడా అంతే, ‘ప్యాకెట్టెడు పాలు’ నేను వినలేదు. ‘గిద్దెడు పాలు’ మాత్రం మా అమ్మ నోట రోజూ వింటాను, పాలు పోసే ఆవిడతో మాట్లాడేటప్పుడు.

తెలుగు ఉపాధ్యాయుడు:

ఈ చర్చలో ఇంతవరకు వచ్చిన మంచి ప్రశ్న ఇది. నా అభిప్రాయం చెబుతాను, వ్యాకరణ గ్రంథంలోది కాదు, చెవితో విన్నది. ‘ఎడు’ రావాలంటే పాత్ర ఉంటే చాలదు, దాన్ని ఎవరో మన ఎదుట నింపాలి, లేదా మనమే నింపుకోవాలి. బిందె మనం కుళాయి కింద పెట్టి నింపుతాం. క్యాను నిండి, మూత బిగించుకుని వస్తుంది, మనం దాన్ని లెక్కపెట్టుకుంటాం అంతే. వెనకటి రోజుల్లో సీసా మెడకు తాడు కట్టి కిరసనాయిలు కోసం దుకాణానికి పంపేవారు. గరాటు పెట్టి పోసేవాడు. అది ‘సీసాడు కిరసనాయిలు’. బస్తా చూడండి, ఇంకా స్పష్టంగా ఉంటుంది. ‘బస్తాడు వడ్లు’ అంటాం, ఎందుకంటే మనమే ఎత్తి పోసి మూతి కుట్టాం. ‘బస్తాడు సిమెంటు’ అని ఏ మేస్త్రీ నోటా రాదు, ‘సిమెంటు బస్తా’ అనే అంటాడు. బండెడు గడ్డి మనం తొక్కి తొక్కి ఎక్కించిన గడ్డి. ఇసుక మాత్రం ఇప్పుడు ‘ఒక లోడు’, ‘ఒక ట్రాక్టరు’. లోడు చివర డు ఉంది గానీ అది వేరే డు, పొరబడకండి.

పాలమూరు వైపు రైతు:

అట్లయితే ‘పుట్టెడు దుఃఖం’ ఎవరు నింపారు మాస్టారూ?

తెలుగు ఉపాధ్యాయుడు:

దొరికిపోయానని అనుకుంటున్నారా! పుట్టెడు అప్పు ఎవరు నింపారో మీకు తెలిసే ఉంటుంది, దుఃఖం దాని వెంబడే వచ్చింది. అసలు విషయం ఏమిటంటే, కొన్ని మాటలు పాత్రను వదిలేసి ‘చాలా’ అన్న అర్థానికి వెళ్ళిపోయాయి. పుట్టెడు దుఃఖం, గంపెడు సంతానం, గంపెడాశ, బండెడు చాకిరి, ఇంటెడు చాకిరి. వీటిలో బాగా దూరం వెళ్ళింది బోలెడు. బోలె అనే పాత్రను చూసినవాళ్ళు ఇప్పుడు అరుదు, బోలెడు మాత్రం నోటినిండా ఉంది. పాత్రను వదిలేసినట్టు గుర్తు ఏమిటో చూడండి: వెనకాల అంత, అన్ని, మంది వచ్చి చేరతాయి. బోలెడంత డబ్బు, బోలెడన్ని పళ్ళు, బోలెడుమంది చుట్టాలు. ‘గిద్దెడన్ని పాలు’ అనలేం, గిద్ద ఇంకా గిద్దగానే ఉంది కనుక.

‘చారెడేసి కళ్ళు’ అన్న మాటలో ఉన్న పొదుపు కూడా గమనించండి. కళ్ళు రెండు. ‘రెండు చారెడు కళ్ళు’ అనడానికి నియమం ఒప్పుకోదు. అందుకని ‘ఏసి’ తెచ్చారు, ఒక్కో కన్నూ చారెడు. పెళ్ళిలో తలా గరిటెడేసి పాయసం వడ్డించినట్టే ఇదీ.

కొత్త సభ్యురాలు:

చాలా సంతోషం మాస్టారూ. ఒకటే మిగిలింది. మా ఇంట్లో ‘అరచెంచాడు ఉప్పు’ అంటాం. అరచెంచాకు పాత్ర లేదు కదా?

గుంటూరు జిల్లా నుంచి సభ్యురాలు:

ఉందండీ, పోపులపెట్టెలో చూడండి, అందులో వేసే చిన్న చెంచా అదే. మా ఇంట్లో దాన్నే అరచెంచా అంటాం.

తెలుగు ఉపాధ్యాయుడు:

అమ్మా, మీరు నాకు పని లేకుండా చేస్తున్నారు. అందరి పోపులపెట్టెల్లోనూ ఆ చెంచా ఉంటుందా అన్నది ఇంకెవరైనా చెప్పాలి. మా ఇంట్లో ఉన్నది పెద్దదే, అయినా ‘అరచెంచాడు’ అనే అంటారు. ఉత్తరాంధ్ర, అనంతపురం వైపు వాళ్ళు ఎవరైనా ఉంటే మీ ఇళ్ళలో ఏమంటారో రాయండి. ‘క్యానెడు’ విన్నవాళ్ళు ఉంటే అదీ రాయండి, ఏ ఊళ్ళో విన్నారో చెప్పడం మరవకండి.