మైక్రోచెస్ (కిమ్-1): గుర్రం ఐమూలగా పక్క గడికి వెళ్తోంది, తప్పు ఎక్కడ?

నంది6502, బెంగళూరు
అందరికీ నమస్కారం. కిమ్-1 (6502 ప్రాసెసర్ చిప్‌తో నడిచే పాతకాలపు ఒంటి బోర్డు కంప్యూటర్) తరహా బోర్డు మీద మైక్రోచెస్ అనే చదరంగం ప్రోగ్రాం ఎక్కించాను. టేప్ లేదు, లిస్టింగ్ చూసి హెక్స్ (0-9, ఎ-ఎఫ్‌లతో రాసే పదహారు ఆధారపు అంకెలు) అంతా కీప్యాడ్ మీదే కొట్టాను. మెమరీలో 0000 దగ్గర జీఓ మీట నొక్కి, తర్వాత సి నొక్కితే డిస్‌ప్లే నిండా సి అక్షరాలు వస్తున్నాయి. పీసీ నొక్కితే ఎత్తు వేస్తోంది. ఓపెనింగ్ దాటాక మాత్రం 06 22 31 (పావు, బయల్దేరిన గడి, చేరిన గడి) అని చూపించింది, అంటే దాని గుర్రం ఐమూలగా ఒక్క గడి జరిగింది. మిగతా పావులన్నీ సవ్యంగానే నడుస్తున్నాయి. చిప్ పోయిందా? ఇక్కడి ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్పీ రోడ్‌లో ఇంకో 6502 వెతకాలా? నా వైపు కాస్లింగ్ ఎలా చెయ్యాలి? ఇంత చిన్న మెమరీలో ఇదంతా ఎలా ఇరికించారో కూడా తెలిసినవాళ్లు చెప్పండి.

గడి_గుర్రం
చిప్ జోలికి వెళ్లకండి. చిప్ పోతే ఒక్క గుర్రం మాత్రమే తప్పు నడవదు. ఒక బైటు తప్పు పడింది.

పావుల అడుగుల పట్టిక మెమరీలో 0090 నుంచి 009ఎఫ్ దాకా, 16 బైట్లు. చివరి ఎనిమిదీ గుర్రానివి: డిఎఫ్, ఇ1, ఇఇ, ఎఫ్2, 12, 0ఇ, 1ఎఫ్, 21. మీ గుర్రం 22 నుంచి 31కి వెళ్లింది. హెక్స్‌లో తేడా 0ఎఫ్, అది బిషప్ అడుగు. అంటే 009డిలో 0ఇ బదులు 0ఎఫ్ కొట్టి ఉంటారు. ఆర్‌ఎస్ (రీసెట్) నొక్కి, ఏడీ (చిరునామా) మీట, 009డి; తర్వాత డీఏ (విలువ) మీట, 0ఇ. ప్లస్ నొక్కుతూ మిగతావీ చూసుకోండి.

పట్టిక మొత్తం సరిచూడ్డానికి ఒక సుళువు ఉంది. ప్రతి అడుగుకీ ఎదురడుగు అందులోనే ఉంటుంది: 21కి డిఎఫ్, 12కి ఇఇ, 0ఇకి ఎఫ్2. ఏ జత కూడినా హెక్స్‌లో 100 రావాలి. 16 బైట్లూ కూడితే చివరి రెండంకెలు 00. రాలేదంటే ఇంకో తప్పు ఉన్నట్టే. మీ గుర్రాల ఎత్తులు లెక్కగట్టేదీ ఈ పట్టికతోనే కాబట్టి, ఇది దిద్దేదాకా మీ ఆటనీ అది తప్పుగానే అంచనా వేస్తుంది.

ఎప్పుడైనా చిప్ మార్చాల్సి వస్తే ఒక్కటి గుర్తుపెట్టుకోండి. పాత 6502కి ఒకటో పిన్ను గ్రౌండ్. డబ్ల్యూడీసీ వారి 65సి02ఎస్‌లో అదే పిన్ను అవుట్‌పుట్. పాత సాకెట్‌లో నేరుగా గుచ్చితే ఆ అవుట్‌పుట్ గ్రౌండ్‌కి షార్ట్ అవుతుంది. అందుకే కొనేముందు చిప్ మీద అచ్చయిన నంబరు పూర్తిగా చదవాలి.

ఏనుగు_ఎత్తు
కాస్లింగ్‌కి విడిగా మీట లేదు. మీ ఎత్తు నియమాలకు లోబడిందా లేదా అని ఈ ప్రోగ్రాం చూడదు, అదే ఇక్కడ కలిసొస్తుంది. రాజు వైపు అయితే 7371 (73 నుంచి 71కి) కొట్టి ఎఫ్ మీట, 7072 కొట్టి ఎఫ్, ఆ తర్వాతే పీసీ. మధ్యలో పీసీ నొక్కారో, ఏనుగు జరగకముందే అది తన ఎత్తు వేసేస్తుంది.

ఆంపాసాన్ (రెండు గడులు దూకిన బంటును పక్క బంటు చంపడం) కూడా రెండు విడతల్లోనే. మీ బంటు 33లో ఉండగా దాని బంటు 12 నుంచి 32కి దూకితే, 3332 ఎఫ్, తర్వాత 3222 ఎఫ్. బంటు చివరి వరసకు చేరితే దానంతట అది రాణి కాదు. ఆర్‌ఎస్ కొట్టి, పోయిన మీ రాణి స్థానం ఉండే 0061లో ఆ గడి అంకె పెట్టండి, ఆ బంటు స్థానం ఉండే బైటులో సీసీ (చచ్చిన పావు గుర్తు) పెట్టండి, మళ్లీ 0000 నుంచి జీఓ. బోర్డు చెదరదు, సి నొక్కితేనే చెరిగిపోతుంది.

వేగం రెండు బైట్ల మీద ఆధారపడి ఉంటుంది. 02ఎఫ్2లో 08, 018బిలో ఎఫ్‌బి ఉంటే ఎత్తుకి సుమారు 100 సెకన్లు. మొదటిది 00 చేస్తే 10 సెకన్లు. రెండోది కూడా ఎఫ్‌ఎఫ్ చేస్తే 3 సెకన్లే, కానీ ఆట బాగా పలచబడుతుంది.

బైటు_బంటు
ఇరికించడం గురించి. టొరంటోకి చెందిన పీటర్ జెన్నింగ్స్ 1976లో రాశారు, ఆ డిసెంబర్ 18న విడుదలైంది, ధర 10 డాలర్లు. 245 డాలర్ల కిమ్-1లో ఉన్న ర్యామ్ 1152 బైట్లు: ఒక కేబీ, దానికి తోడు రెండు 6530 చిప్‌లలో 64 చొప్పున. మైక్రోచెస్‌కి పట్టింది 924. ఎత్తుకి మార్కులు వేసే భాగం 1780 దగ్గర, ఆ 6530 ర్యామ్‌లో కూర్చుంది.

నాకు అన్నిటికంటే నచ్చేది గడుల అంకెలు. ఒక బైటులో పైసగం వరస, కిందిసగం నిలువు, రెండూ 0 నుంచి 7 వరకే. కాబట్టి బోర్డు మీద ఉన్న ఏ గడికైనా హెక్స్ 88తో ఆండ్ (రెండిట్లోనూ 1 ఉన్న బిట్లనే మిగిల్చే లెక్క) చేస్తే సున్నా వస్తుంది. 07 నుంచి కుడికి ఒకటి జరిపితే 08, ఆండ్ చేస్తే 08 మిగులుతుంది, బోర్డు దాటినట్టు. 00 నుంచి ఎడమకి జరిపితే ఎఫ్‌ఎఫ్, అదీ దాటినట్టే. నాలుగు అంచులనీ ఒక్క ఆండ్ కాపలా కాస్తుంది, చుట్టూ కంచె గడులు పెట్టనక్కర్లేదు. 64 గడుల బోర్డు కూడా మెమరీలో లేదు. 32 పావులు ఎక్కడున్నాయో చెప్పే 32 బైట్లే ఉన్నాయి, 0050 నుంచి 006ఎఫ్ దాకా. చచ్చిన పావు స్థానం సీసీ, అది ఏ గడికీ సరిపోదు.

ఎత్తు వేసి చూసి వెనక్కి తీసుకోవడానికి మెమరీ పేజీ 1లోనే (0100 నుంచి 01ఎఫ్‌ఎఫ్ దాకా) సీ8 నుంచి కిందికి రెండో స్టాక్ (విలువలు తాత్కాలికంగా పేర్చే చోటు) నడుపుతారు, స్టాక్ పాయింటర్‌ని మార్చి మార్చి. ఆ పేజీలో మీ సొంత కోడ్ ఏదైనా పెట్టి ఉంటే తీసెయ్యండి.

తర్వాత కమడోర్ పెట్‌కీ, యాపిల్ 2కీ మైక్రోచెస్ 2.0 వచ్చింది. జెన్నింగ్స్ డాన్ ఫిల్‌స్ట్రాతో కలిసి నడిపిన పర్సనల్ సాఫ్ట్‌వేర్ కంపెనీ దాన్ని అమ్మింది. 1979లో విసికాల్క్ అనే స్ప్రెడ్‌షీట్ ప్రోగ్రాంని తెచ్చిందీ ఆ కంపెనీయే.

నంది6502, బెంగళూరు
009డిలో 0ఎఫ్ ఉంది. దిద్దాక జతలన్నీ 100 వస్తున్నాయి, గుర్రం 22 నుంచి 30కి కూడా వెళ్తోంది. ముగ్గురికీ ధన్యవాదాలండీ.