వాగు మట్టిలో రాగి ఎక్కువ చూపిస్తోంది, నమ్మొచ్చా?

రాగి ఖనిజం కోసం వెతుకుతూ వాగుల్లో తీసిన మట్టిని 80 మెష్ (సన్న కన్నాల) జల్లెడ పట్టి, ఆక్వా రెజియాలో (గాఢ నైట్రిక్, హైడ్రోక్లోరిక్ ఆమ్లాల మిశ్రమం) కరిగించి ల్యాబ్‌లో చూపిస్తే ఒక పాయ పొడవునా రాగి బాగా ఎక్కువ వచ్చింది, కానీ అవే శాంపిల్స్‌లో మాంగనీస్, ఇనుము కూడా ఎక్కువే. వీటి ఆక్సైడ్లు నీళ్లలోని రాగి, జింక్, కోబాల్ట్‌లను పట్టేసుకుంటాయి కదా, అందుకే వాగు ఎగువన నిజంగా ఖనిజం ఉందా లేక ఉత్త భ్రమేనా అని టెన్షన్. పైగా ఆ పాయ బసాల్ట్ (లావా గట్టిపడిన నల్లరాయి) మీదుగా వస్తుంది, ఆ రాయిలో రాగి మామూలుగానే ఎక్కువ. మాలిబ్డినం మాత్రం కాస్త పెరిగింది, కొన్ని రాగి నిక్షేపాల్లో ఆ లోహం కూడా ఉంటుంది కాబట్టి నా ఆశంతా దాని మీదే.

మాంగనీస్, ఇనుములతో రిగ్రెషన్ చేసి (అంటే వాటితో పాటు పెరిగిన రాగిని లెక్కకట్టి తీసేసి) మిగిలిన విలువల్ని మ్యాప్‌లో వేస్తే సరిపోతుందా? లేక సెలెక్టివ్ లీచ్ (ఆక్సైడ్లు పట్టుకున్న లోహాన్ని విడిగా కరిగించి చూసే పరీక్ష) చేయించాలా, నేరుగా పైకెళ్లి గట్ల మీద మట్టి తీయడమే మేలా? ఇలాంటిది ఎదురైనవాళ్లు చెప్పండి ప్లీజ్.