1 హార్ట్ తెరిచాక పార్ట్‌నర్ 2 డైమండ్స్ అన్నారు, 5-5 చేతితో ఏం చెప్పాలి?

భీమవరం కుర్రాడు
నిన్న ఆన్‌లైన్ బ్రిడ్జ్ పెయిర్స్‌లో (అవే చేతులు ఆడిన జంటల స్కోర్లు పోల్చే పోటీ) వచ్చిన చేయి ఇది. స్పేడ్స్‌లో 4 ఒక్కటే. హార్ట్స్ ఆసు, రాణి, 9, 6, 3. డైమండ్స్ 8, 5. క్లబ్స్ ఆసు, జాకీ, 10, 7, 4. మొత్తం 11 పాయింట్లు (ఆసు 4, రాజు 3, రాణి 2, జాకీ 1), ఎవరూ వల్నరబుల్ (బోనస్, పెనాల్టీ పెరిగే స్థితి) కాదు. మేం ఆడేది టూ ఓవర్ వన్ గేమ్ ఫోర్స్, అంటే 1 హార్ట్‌కి పార్ట్‌నర్ రెండో లెవెల్‌లో కొత్త సూట్ చెప్తే గేమ్ (బోనస్ వచ్చే బిడ్) చేరేదాకా ఇద్దరం ఆగకూడదు. నేను 1 హార్ట్, ఆయన 2 డైమండ్స్. ఒక నిమిషం ఆలోచించి 3 క్లబ్స్ చెప్పాను. ఆయన తిన్నగా 6 క్లబ్స్‌కి వెళ్ళిపోయారు.

ఆయన చేయి: స్పేడ్స్ రాజు, జాకీ, 5, హార్ట్స్ 7, 2, డైమండ్స్ ఆసు, రాజు, జాకీ, 9, 3, క్లబ్స్ రాజు, 6, 3. హార్ట్ ఫినెస్ (పై ముక్క ఏ పక్క ఉందో ఊహించి ఆడే ఎత్తు) వచ్చింది. స్పేడ్ ఆసు ఎలాగూ పోయేదే. క్లబ్ రాణిని పట్టుకోలేకపోయాను. ఒకటి డౌన్, చెప్పినదానికి ఒక పట్టు తక్కువ. మిగతా టేబుళ్ళలో ఎక్కువమంది 3 నో ట్రంప్ (తురుపు లేకుండా) ఆడి, ఒక పట్టు ఎక్కువ చేసి 430 రాసుకున్నారు. ఆయన అప్పటినుంచి ఫోన్ ఎత్తట్లేదు.

3 క్లబ్స్ తప్పా? 2 హార్ట్స్ చెప్తే ఆరు ముక్కలున్నాయనుకోరా? అలాగే ఆరు హార్ట్స్, నాలుగు క్లబ్స్ ఉన్న 6-4 చేతితో ఏది ముందు చెప్పాలి?

వైజాగ్ స్లామ్
తప్పే. మూడో లెవెల్‌లో కొత్త సూట్ చెప్పారంటే 15 పాయింట్లకి తక్కువ ఉండకూడదు. మీకున్నవి 11. పార్ట్‌నర్‌కి 15 ఉన్నాయి, మీవి 15 కలిపితే 30, మంచి ఫిట్ (ఇద్దరికీ కలిపి ఒకే సూట్ ఎక్కువ), స్లామ్ (ఆరు లేదా ఏడో లెవెల్ బిడ్) చూడక ఏం చేస్తారు? నేనైనా అదే చేస్తాను. ఆయన మీద కోపం పెట్టుకోకండి.

ఎడిసన్ అక్క
అదెక్కడి రూల్ అండీ? 2 డైమండ్స్‌తోనే గేమ్ ఫోర్స్ అయిపోయింది కదా. ఇక పాయింట్లు చెప్పడానికి చాలా టైముంది, ముందు చేతి ఆకారం చెప్పాలి. మా న్యూజెర్సీ గ్రూపులో 5-5 ఉంటే 3 క్లబ్స్ చెప్తాం, 11 అయినా 18 అయినా. 2 హార్ట్స్ చెప్పి నేను పడ్డ అవస్థ నాకే తెలుసు. ఐదు హార్ట్స్‌తో 2 హార్ట్స్ అన్నాను, మావారు రెండు చిన్న ముక్కలు పెట్టుకుని 4 హార్ట్స్ అన్నారు. తురుపు నాలుగు-రెండుగా విరిగింది, రెండు డౌన్. ఇంటికొచ్చేదాకా కారులో ఇద్దరం మాట్లాడుకోలేదు.

వైజాగ్ స్లామ్
అక్కా, అది మీవారి పొరపాటు, బిడ్ పొరపాటు కాదు. టూ ఓవర్ వన్‌లో 2 హార్ట్స్‌కి ఆరు ముక్కలుండాలని లేదు. "ఇంకేం చెప్పడానికి లేదు, నువ్వు చెప్పు" అనే అర్థం. ఇక్కడ ఆయన 2 నో ట్రంప్ అంటారు, అప్పుడు మీరు 3 క్లబ్స్ చెప్తారు. రెండు సూట్లూ చెప్పినట్టే, ఎక్కువ బలం లేదనీ చెప్పినట్టే. ఆయన 3 నో ట్రంప్‌లో ఆపేస్తారు. 430 మీకూ వచ్చేది.

ప్రెసిషన్ మాత్రమే
ముప్పై ఏళ్ళుగా ప్రెసిషన్ అనే బిడ్డింగ్ పద్ధతి ఆడుతున్నాను. మా దగ్గర ఈ తలనొప్పి పుట్టదు. 16 గానీ ఆపైన గానీ ఉంటే 1 క్లబ్‌తో తెరుస్తాం. 1 హార్ట్ అంటే 11 నుంచి 15. ఆ తర్వాత 3 క్లబ్స్ చెప్పినా పార్ట్‌నర్ 18 ఉన్నాయని ఊహించుకోడు. 1969లో తైవాన్ ఈ పద్ధతితోనే బెర్ముడా బౌల్ (బ్రిడ్జ్ ప్రపంచ టీమ్ పోటీ) ఫైనల్‌కి వెళ్ళింది.

వైజాగ్ స్లామ్
ఫైనల్లో ఇటలీ చేతిలో ఓడిపోయింది, అదీ రాయండి. అడిగింది టూ ఓవర్ వన్ గురించి సార్. ఇల్లు కారుతోందంటే ఊరు మారమంటారేమిటి?

డైరెక్టర్ కుర్చీ
అసలు విషయం ఎవరూ పట్టించుకోలేదు. "ఒక నిమిషం ఆలోచించి" అని ఆయనే రాశారు. ఆ ఆలస్యం పార్ట్‌నర్‌కి ఒక కబురు. డూప్లికేట్ బ్రిడ్జ్ చట్టాల్లో 16, 73 చదవండి. పార్ట్‌నర్ తటపటాయింపు నుంచి తెలిసినదాన్ని వాడుకోకూడదు.

పాత సికింద్రాబాద్
ఆలోచించడం నేరమా? నలభై ఏళ్ళ క్రితం మా క్లబ్బులో సిగరెట్ అయ్యేదాకా ఆలోచించేవాళ్ళు, ఎవడూ ఏమీ అనేవాడు కాదు. ఆటీను, కలావరు రెండూ ఐదేసి ఉంటే మనిషన్నవాడు ఆలోచిస్తాడు. కొత్తగా వచ్చిన కుర్రాణ్ణి చట్టాలతో భయపెడితే మళ్ళీ టేబుల్ దగ్గరికి వస్తాడా? ఇప్పటికే మన ఊళ్ళలో క్లబ్బంటే రమ్మీ ఒక్కటే, బ్రిడ్జ్‌కి నాలుగో మనిషి దొరకడం లేదు.

డైరెక్టర్ కుర్చీ
ఆలోచించడం నేరమని నేను రాయలేదు, మళ్ళీ చదవండి. వాడుకోవడం తప్పు. పైగా నేను చెప్పబోయేది ఆయన పార్ట్‌నర్ తరఫునే. నిమిషం ఆగి 3 క్లబ్స్ చెప్పారంటే ఎవరికైనా ఏమనిపిస్తుంది? చేయి బలంగా లేదు, ఎటూ తేలడం లేదు అని. ఆ పెద్దమనిషి దాన్ని చూసి 3 నో ట్రంప్‌లో ఆగిపోయి ఉండొచ్చు. ఆగలేదు. బిడ్ ఏం చెప్పిందో దాన్నే నమ్మి ముందుకెళ్ళారు. అలా ఆడేవాళ్ళు తక్కువ. ఆయన్ని పోగొట్టుకోకండి.

పాత సికింద్రాబాద్
ఆన్‌లైన్‌లో అది ఆలోచనో, నెట్ ఆగిపోవడమో మీకెలా తెలుస్తుంది?

డైరెక్టర్ కుర్చీ
తెలియదు. అందుకే అక్కడ ఆలస్యాన్ని చూసి తీర్పు ఇవ్వడం కష్టం. నిజమే.

గుంటూరు నాలుగో చేయి
రమ్మీ మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. మా ఇంట్లో పేకముక్క కనిపిస్తే జూదమంటారు. 1967లో సుప్రీంకోర్టు సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో రమ్మీని నైపుణ్యం ఉన్న ఆటే అంది, అందులో ఉన్న అదృష్టం బ్రిడ్జ్‌లో పంచిన ముక్కల్లో ఉండే అదృష్టం లాంటిదేనని పోల్చింది. 2018లో జకార్తా ఆసియా క్రీడల్లో మనవాళ్ళు బ్రిడ్జ్ పెయిర్స్‌లో బంగారు పతకం తెచ్చారు. ఆ పేపర్ కటింగ్ మా నాన్నకి చూపించాను. అప్పటినుంచి ఆదివారాలు అడ్డు చెప్పడం లేదు.

ప్రెసిషన్ మాత్రమే
బిడ్డింగ్ గురించి ఇంత గొడవ పడుతున్నారు, ఆట ఎవరూ అడగలేదు. క్లబ్స్ ఎలా ఆడావు బాబూ?

భీమవరం కుర్రాడు
ఆసు కొట్టి, జాకీ నడిపాను సార్. రాణి కుడి పక్కన ఉంది.

ప్రెసిషన్ మాత్రమే
డమ్మీలో (బల్ల మీద పరిచిన పార్ట్‌నర్ చేతిలో) రాజు కొట్టి, అక్కడినుంచి చిన్న ముక్క వేసి, నీ చేతిలో 10 పెట్టి ఉంటే దొరికేది. 920 వచ్చేది, పార్ట్‌నర్ ఫోనూ వచ్చేది.

వైజాగ్ స్లామ్
చేతులు నాలుగూ తెరిచాక చెప్పడం తేలిక సార్. ఆ రాణి ఏ పక్క ఉందో చెప్పే ఆధారమే లేదు, ఎదుటివాళ్ళు ఒక్క బిడ్ కూడా చేయలేదు. హార్ట్ రాజూ కుడి పక్కే ఉండాలి, క్లబ్ రాణినీ సరిగ్గా ఊహించాలి. రెండూ కలిసొచ్చేది నాలుగింట ఒకసారి. అలాంటి స్లామ్ అయినా కూడా మంచి స్లామ్ కాదు.

ఎడిసన్ అక్క
అయితే 3 క్లబ్స్ తప్పు కాదు, 6 క్లబ్స్ తొందర. 4 క్లబ్స్ అని ఆగి ఉంటే? గేమ్ ఫోర్స్ కదా, అక్కడ వదిలేయరు. నిదానంగా స్లామ్ అడగొచ్చు, వద్దనుకుంటే 5లో ఆగొచ్చు. నేను నా మాట మీదే ఉన్నా.

వైజాగ్ స్లామ్
4 క్లబ్స్ అంటే 3 నో ట్రంప్ దాటిపోయినట్టేగా. 5 క్లబ్స్ చేస్తే 400, అవతలివాళ్ళకి 430. పెయిర్స్‌లో ఆ ముప్పై చాలు మన బోర్డు పోవడానికి. మీరు టీమ్స్ (ఇలాంటి చిన్న తేడాలు అంతగా లెక్కలోకి రాని జట్ల పోటీ) ఎక్కువ ఆడతారేమో, అక్కడైతే మీ మాటకి అభ్యంతరం లేదు.

భీమవరం కుర్రాడు
డైరెక్టర్ గారు రాసింది చదివాక నాకు సిగ్గేసింది. నేను ఆయన్నే తప్పు పట్టాను. ఇప్పుడే మెసేజ్ పెట్టాను, 2 హార్ట్స్‌కి ఐదు చాలని మన బిడ్డింగ్ ఒప్పందాల కార్డులో రాసుకుందామా అని. ఇంకా చూడలేదు. 6-4 సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు.

గుంటూరు నాలుగో చేయి
నేను పాటించేది చెప్తాను. ఆయన 2 డైమండ్స్ అంటే 2 హార్ట్స్ చెప్పి, వీలు దొరికినప్పుడు 3 క్లబ్స్. 1 స్పేడ్ అంటే, చేయి 11-12 ఉండి హార్ట్స్ గట్టిగా ఉంటే 2 హార్ట్స్, కొంచెం బాగుంటే 2 క్లబ్స్ చెప్పి తర్వాత హార్ట్స్‌కి రావడం. క్లబ్స్‌లో నాలుగూ చిన్న ముక్కలే అయితే వాటిని అసలు చెప్పను.