పాత సీడీ ప్లేయర్‌లో ఆప్-యాంపులు మార్చే ముందు: ఎడమ వైపు పలచబడిన శబ్దంపై చర్చ

పెరంబూరు శ్రోత (చెన్నై):
అందరికీ నమస్కారం. మా నాన్నగారు 1994లో బర్మా బజారులో కొన్న జపాను సీడీ ప్లేయరు, అదే కాలపు స్టీరియో యాంప్లిఫయరు, చెక్క పెట్టె స్పీకర్ల జత ఇప్పటికీ మా ఇంట్లో ఉన్నాయి. ఆయన పోయాక నాలుగేళ్లు మూలన పడి ఉన్న ఈ సెట్టును, గత నెల ఇల్లు మారినప్పుడు మళ్లీ కలిపాను. డిసెంబరు కచేరీల సీజను మొదలయ్యేలోపు దీన్ని మంచి స్థితికి తేవాలని నా కోరిక. ప్రస్తుతం మూడు ఇబ్బందులున్నాయి. రాత్రిపూట తక్కువ వాల్యూములో వింటే ఎడమ స్పీకరు దాదాపు మూగబోతోంది. పలికినా గొంతు దుప్పటి కప్పినట్టు వస్తోంది. పాట లేనప్పుడు సన్నగా గుయ్‌మనే మోత ఉంటోంది. ఇంట్లో రాసుకున్న సీడీలు తడబడుతున్నాయి. ప్లేయరు లోపల ఎన్ఈ 5532 ఆప్-యాంపులు (శబ్ద సంకేతాన్ని బలపరిచే చిన్న చిప్పులు) రెండు కనిపించాయి. వాటి స్థానంలో కొత్త రకం వేస్తే శబ్దం తేటపడుతుందని చాలాచోట్ల చదివి, రిచీ స్ట్రీటుకు వెళ్లి నాలుగు ఆప్-యాంపులు, కొన్ని కెపాసిటర్లు కొని తెచ్చాను. ఏది ముందు మార్చాలో అనుభవం ఉన్నవారు చెబితే ఋణపడి ఉంటాను.

టంకం (అంబత్తూరు, చెన్నై):
శ్రోత గారూ, దయచేసి సోల్డరింగ్ ఐరన్ ఇంకా వేడి చేయకండి. మీరు చెప్పిన మొదటి ఇబ్బంది ఆప్-యాంపుది అయ్యే అవకాశం చాలా తక్కువ. ముందు ఒక్క పరీక్ష చేయండి. అన్నీ ఆపేసి, ప్లేయరు వెనుక నుంచి వచ్చే ఎరుపు, తెలుపు పిన్నులను ఒక చివర మాత్రమే తారుమారు చేసి పెట్టండి. మూగతనం కుడి స్పీకరుకు మారితే తప్పు ప్లేయరులోనో, ఆ వైరులోనో ఉన్నట్టు. ఎడమనే ఉండిపోతే యాంప్లిఫయరునో, స్పీకరునో అనుమానించాలి. ఇంకొక ప్రశ్న: వాల్యూము కాస్త గట్టిగా పెంచినప్పుడు ఎడమ వైపు ఒక్కసారిగా తెరుచుకుని, ఆ తరువాత తగ్గించినా కొంతసేపు బాగానే ఉంటోందా?

పెరంబూరు శ్రోత:
సరిగ్గా అలాగే జరుగుతోంది, టంకం గారూ. పిన్నులు మార్చినా మూగతనం ఎడమనే ఉంది. వాల్యూము నాబ్ సగానికి తిప్పగానే ‘టప్’ మని ఒక చిన్న చప్పుడు వచ్చి గొంతు తేటపడింది. తిరిగి తగ్గించాక పావుగంట బాగుంది, తరువాత మళ్లీ మసకబారింది.

టంకం:
అయితే అది స్పీకరు రిలే, అంటే స్పీకర్లకు వెళ్లే దారిని విద్యుత్తుతో తెరిచి మూసే స్విచ్చు. యాంప్లిఫయరు ఆన్ చేసిన రెండు మూడు క్షణాలకు లోపల ‘టక్’ మని వినిపించేది అదే. ఆన్ చేయగానే వచ్చే కుదుపు నుంచి, లోపలి భాగాలు చెడినప్పుడు తోసుకొచ్చే డీసీ (ఒకే దిశలో పారే విద్యుత్తు) నుంచి స్పీకర్లను కాపాడటం దాని పని. దానిలోని కాంటాక్టుల మీద ఏళ్ల తరబడి గాలికి, తేమకు నల్లటి పొర పడుతుంది. మన సముద్రపు గాలిలో, పైగా నాలుగేళ్లు వాడకుండా ఉన్న సెట్టులో, ఇది పడకపోతేనే ఆశ్చర్యం. తక్కువ వాల్యూములో వెళ్లే కొద్దిపాటి విద్యుత్తు ఆ పొరను దాటలేదు. గట్టిగా పెంచినప్పుడు పొర చిట్లి దారి ఇస్తుంది. ఆ ‘టప్’ చప్పుడు దాని గుర్తే.

శుభ్రం చేసే పద్ధతి చెబుతాను. ప్లగ్గు పీకి కనీసం అరగంట ఆగండి; పెద్ద ఫిల్టరు కెపాసిటర్లలో విద్యుత్తు మిగిలి ఉంటుంది కనుక, మల్టీమీటరుతో వాటి వోల్టేజి రెండు వోల్టుల లోపుకు పడిపోయిందని చూశాకే చేయి పెట్టండి. స్పీకరు టెర్మినళ్ల దగ్గర అగ్గిపెట్టెలో సగం ఉండే చిన్న డబ్బా కనిపిస్తుంది, చాలావాటికి మూత పారదర్శకంగా ఉంటుంది. మూత ఊడదీసి, విజిటింగు కార్డు నుంచి సన్నగా కత్తిరించిన పీలికను ఐసోప్రొపైల్ ఆల్కహాలులో తడిపి కాంటాక్టుల మధ్య పెట్టండి, వాటిని వేలితో మెల్లగా మూసి, పీలికను లాగండి. మొదటి రెండు సార్లు కాటుక అంటినట్టు నల్లటి గీత వస్తుంది. గీత రాకుండా పోయేదాకా చేయండి. గరుకు కాగితం మాత్రం వాడకండి, వెండి పూత పోతే ఇక మిగిలేది కొత్త రిలే కొనడమే.

మైలాపూరు వీణ (చెన్నై):
గుయ్‌మనే మోత గురించి నా అనుభవం. ఈ మోత రెండు రకాలు. మందంగా, బొంగురుగా ఉంటే అది మన సరఫరాదైన 50 హెర్ట్జ్, చాలావరకు ఎర్తు వలయం వల్ల వస్తుంది. కాస్త పదునుగా, జుమ్మనే తుమ్మెద మోతలా ఉంటే 100 హెర్ట్జ్, అంటే విద్యుత్తును చదును చేసే ఫిల్టరు కెపాసిటర్లు ఎండిపోయాయని అనుమానించాలి. మా ఇంట్లో మొదటి రకం ఉండేది. ఏ ప్లేయరును పీకినా తగ్గలేదు కానీ, టీవీ సెట్-టాప్ బాక్సు నుంచి కేబులు వైరు తీసిన క్షణాన ఇల్లంతా నిశ్శబ్దమైపోయింది. మేడ మీద నుంచి వచ్చే ఆ కేబులు కవచం ఒక ఎర్తును, మా గోడ ప్లగ్గు ఇంకొక ఎర్తును మోసుకొచ్చి, ఆ రెండూ యాంప్లిఫయరులో కలుస్తున్నాయి. కేబులు దారిలో ఐసొలేటరు పెట్టించాక సమస్య పోయింది. కొందరు మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్తు పిన్నును తీసేయమని సలహా ఇస్తారు. మోత పోతుంది నిజమే, కానీ లోపల వైరు ఊడి పెట్టెకు తగిలిన రోజున మనిషి ప్రాణం పోతుంది. దయచేసి ఆ పని ఎవరూ చేయవద్దు.

కరెంటు పోయి ఇన్వర్టరు మీద నడిచేటప్పుడే మోత వస్తుంటే అది వేరే సంగతి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టరు మీద ట్రాన్స్‌ఫార్మరు ఉన్న ఏ యాంప్లిఫయరైనా మూలుగుతుంది.

మల్లేశ్వరం వాసి (బెంగళూరు):
మార్పుల గురించి నేను రాస్తాను, ఎందుకంటే ఆ దారిలో నేను దెబ్బతిన్నాను. నా దగ్గరిది, డిస్కులోని అంకెలను శబ్ద సంకేతంగా మార్చే ఫిలిప్స్ టీడీఏ 1541 చిప్పు ఉన్న ప్లేయరు. 1985 ప్రాంతంలో వచ్చిన ఆ 16 బిట్ల చిప్పును ఇప్పటికీ వెతికి మరీ కొనేవారు ఉన్నారు. నేను ఎస్.పి. రోడ్డుకు వెళ్లి, 5532 కన్నా ఎంతో వేగవంతమైన ఆప్-యాంపులు తెచ్చి వేశాను. మొదటి వారం శబ్దం మిలమిల మెరిసినట్టనిపించి అందరికీ చెప్పుకున్నాను. రెండో వారం తాళాల మోత చెవిలో గుచ్చుకోవడం మొదలైంది. పెట్టె తెరిచి చిప్పు మీద వేలు పెడితే నిలపలేనంత వేడి. తెలిసినవారి ఆసిల్లోస్కోపు (విద్యుత్ తరంగాలను తెర మీద చూపే పరికరం) తగిలించి చూస్తే, పాట లేనప్పుడు కూడా చిప్పు తనంతట తానే చెవికి అందని మెగాహెర్ట్జ్ స్థాయిలో కంపిస్తోంది. నేను మెరుపు అనుకున్నది ఆ రోగాన్నే.

కారణం తేలికే. నెమ్మదైన 5532 కోసం గీసిన బోర్డులో విద్యుత్తు దారులు పొడుగ్గా ఉంటాయి, వేగమైన చిప్పు అక్కడ నిలకడగా ఉండదు. చిప్పుకు విద్యుత్తు అందే 4, 8 పిన్నుల మధ్య, దానికి ఆనుకునేలా, 0.1 మైక్రోఫారడ్ సెరామిక్ కెపాసిటరు పెట్టాక కంపనం ఆగింది. ఆ తరువాత పాత 5532ను, కొత్త చిప్పును సాకెట్టులో మార్చి మార్చి వింటే, తేడా ఉందో లేదో నేను ఒట్టు వేసి చెప్పలేకపోయాను. శ్రోత గారూ, మీరు మార్చదలచుకుంటే ముందు ఎనిమిది పిన్నుల సాకెట్టు వేయండి, వెనక్కు వెళ్లే దారి ఉంచుకోండి.

సన్ననాదం (వేళచ్చేరి, చెన్నై):
మల్లేశ్వరం వాసి గారి మాటతో నేను పూర్తిగా ఏకీభవించలేను. నా ప్లేయరులో ఆప్-యాంపులు, కెపాసిటర్లు మార్చాక మృదంగం తొప్పి (మంద్రం పలికే ఎడమ ముఖం) వైపు గుమ్‌మనే నాదం స్పష్టంగా పెరిగింది. అది భ్రమ అంటే ఒప్పుకోను.

టంకం:
భ్రమ కాదు, సన్ననాదం గారూ, మీ చెవి నిజమే చెప్పింది. కానీ ఆ రెండింటిలో పని చేసింది కెపాసిటర్లు అయి ఉండాలి. ప్లేయరు నుంచి బయటకు వచ్చే దారిలో సాధారణంగా 10 మైక్రోఫారడ్ కెపాసిటరు ఉంటుంది. అది యాంప్లిఫయరు వైపు 10 కిలో ఓముల నిరోధంలోకి వెళ్లేటప్పుడు 1.6 హెర్ట్జ్ దగ్గర గాని మంద్రాన్ని కోయదు. ముప్పై ఏళ్ల వేడికి ఎండిపోయి అర మైక్రోఫారడ్‌కు పడిందనుకోండి, ఆ కోత 32 హెర్ట్జ్ దాకా ఎక్కి వస్తుంది, తొప్పి పలచబడుతుంది. రెండు మార్పులు ఒకే రోజు చేసినందువల్ల మంచి పేరు ఆప్-యాంపుకు దక్కింది.

సన్ననాదం:
పాత కెపాసిటర్లు ఇంకా డబ్బాలో ఉన్నాయి. మీటరుతో కొలిచాను. ఒకటి 0.7, ఇంకొకటి 2.1 మైక్రోఫారడ్ చూపాయి. మీ మాటే సరైనది, కృతజ్ఞతలు.

మల్లేశ్వరం వాసి:
పోలికకు నాకు ఉపయోగపడిన ఒక పద్ధతి ఉంది. పాత తెలుగు పాటల సీడీల్లో చాలావరకు మోనో రికార్డింగులు, అంటే ఎడమ, కుడి రెండింటిలోనూ ఒకే శబ్దం. 1974లో కన్నుమూసిన ఘంటసాల గారి పాటలు దాదాపు అన్నీ అలాంటివే. మీ ప్లేయరులో ఒక్కో ఛానలుకు ఒక్కో చిప్పు ఉంటే, ఒక వైపు మాత్రమే మార్చి, అటువంటి డిస్కు పెట్టి, బ్యాలెన్సు నాబ్‌ను అటూ ఇటూ తిప్పి వినండి. పాతదీ కొత్తదీ ఒకే క్షణంలో పక్కపక్కన దొరుకుతాయి. ఒక్కో చిప్పు రెండు ఛానళ్ల పనినీ చేస్తుంటే మాత్రం ఈ పద్ధతి కుదరదు.

కోరమంగళ టేపు (బెంగళూరు):
తడబడే డిస్కుల గురించి క్లుప్తంగా. డిస్కు చదవడం లోపలి అంచు నుంచి మొదలై బయటకు సాగుతుంది. లోపల నిమిషానికి సుమారు 500 చుట్లు, బయటి అంచున 200 చుట్లు తిరగాలి. మొదటి పాటలే తడబడితే మోటారును, అన్ని డిస్కులూ ఒకే నిమిషం దగ్గర ఆగితే లేజర్ నడిచే పట్టాల మీద గట్టిపడిన గ్రీజును చూడండి. అచ్చువేసిన డిస్కులు ఆడుతూ ఇంట్లో రాసినవి మాత్రమే ఆడకపోతే లెన్సు మసక గాని, లేజర్ నీరసం గాని అయి ఉంటుంది, ఎందుకంటే రాసిన డిస్కులు కాంతిని తక్కువగా తిప్పి పంపుతాయి. ముందు లెన్సును ఆల్కహాలు అద్దిన మెత్తటి దూదిపుల్లతో, నొక్కకుండా తుడవండి. పక్కనున్న చిన్న స్క్రూను తిప్పి లేజర్ కరెంటు పెంచమనేవారి మాట వినకండి, కొన్నాళ్లు ఆడి అది పూర్తిగా చచ్చిపోతుంది. ఆ కాంతి 780 నానోమీటర్లది, కంటికి దాదాపు కనిపించదు, అందుకే మూత తీసి నడిపేటప్పుడు లెన్సులోకి తొంగి చూడకండి.

కొత్త లేజర్ హెడ్ కొనవలసి వస్తే ఒక జాగ్రత్త. సోనీ కేఎస్ఎస్ 213 వంటివి స్టాటిక్ విద్యుత్తు నుంచి రక్షణ కోసం బోర్డు మీద ఒక చుక్క టంకంతో కలిపి వస్తాయి. బిగించి, రిబ్బను తగిలించాక ఆ చుక్కను తీసేయాలి. నేను అది తెలియక రెండు హెడ్లను ‘చెడినవి’ అని తిప్పి పంపాను.

పెరంబూరు శ్రోత:
అందరికీ నివేదిక. రిలే శుభ్రం చేశాను, పీలిక మీద నిజంగానే కాటుక గీత వచ్చింది. ఎడమ వైపు రాత్రి సన్నటి వాల్యూములోనూ పలుకుతోంది. మోత కేబులు టీవీదే. లెన్సు తుడిచాక రాసిన డిస్కులు ఆరింటిలో అయిదు ఆడుతున్నాయి. అయితే ఒక విచిత్రం మిగిలింది. మల్లేశ్వరం వాసి గారు చెప్పినట్టు మోనో పాట పెట్టి కూర్చుంటే, గొంతు నడిమధ్య నిలబడటం లేదు. ఎక్కడి నుంచి వస్తోందో తెలియక గది అంతా పరుచుకుంటోంది, మంద్రం కూడా వెలవెలబోతోంది.

మైలాపూరు వీణ:
ఇల్లు మారినప్పుడు మీరే వైర్లు కలిపారు కదా? ఒక స్పీకరుకు ఎరుపు, నలుపు తారుమారై ఉంటాయి. ఒక కోను ముందుకు వచ్చేటప్పుడు రెండోది వెనక్కు పోతే రెండింటి మంద్రాలూ ఒకదాన్నొకటి మింగేస్తాయి. వైర్లను యాంప్లిఫయరు వైపు విప్పి, 1.5 వోల్టుల సెల్లును స్పీకరు వైరుకు క్షణం పాటు తాకించి చూడండి. ఎర్ర వైరుకు ప్లస్ తాకినప్పుడు రెండు కోన్లూ బయటకే రావాలి.

పెరంబూరు శ్రోత:
వీణ గారూ, కుడి కోను లోపలికి పోయింది. ఆ రోజు హడావుడిలో నేనే తిరగేసి బిగించాను. సరిచేసి అదే పాట పెట్టగానే, రెండు స్పీకర్ల నడుమ, మా నాన్నగారి ఫోటో ఉన్న చోటున, గొంతు వచ్చి నిలిచింది. మా అమ్మ వంటింట్లో నుంచి వచ్చి, ‘మీ నాన్న ఉన్నప్పుడు ఇట్లాగే వినిపించేది’ అని చెప్పి అక్కడే కూర్చుంది.

కెపాసిటర్లు రేపు ఆదివారం కొలుస్తాను. ఆప్-యాంపులను పొట్లంలోనే ఉంచాను. మా ప్లేయరులో ఛానలుకు ఒకటే చిప్పు ఉందని ఇప్పుడు గమనించాను కనుక, సాకెట్టు వేసి ఎడమ వైపు ఒక్కదాన్నే మార్చి చూడాలని ఉంది. 0.1 మైక్రోఫారడ్ కెపాసిటరును బోర్డు వెనుక వైపు నుంచి పెట్టవచ్చునా?

మల్లేశ్వరం వాసి:
పెట్టవచ్చు, వెనుక వైపే మంచిది. కాళ్లు మూడు నాలుగు మిల్లీమీటర్లకు మించకుండా కత్తిరించి, నేరుగా 4, 8 పిన్నులకే అతకండి. ఆన్ చేసిన పది నిమిషాలకు చిప్పు మీద వేలు పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే వినడం మొదలుపెట్టండి, కాలితే వెంటనే ఆపేసి పాతది పెట్టండి.