మూడు రోజుల సెలవు: హంపి ఒక్కటే చాలా, బాదామి కూడా కలపాలా?

బెళ్లందూరు బాటసారి
శుక్ర, శని, ఆదివారాలు కలిసొస్తే బెంగళూరు నుంచి హంపి, బాదామి, పట్టదకల్లు, ఐహొళె నాలుగూ చుట్టి రావచ్చని కొందరు, హంపి ఒక్కటే నింపాదిగా చూడాలని కొందరు. లెక్కలతో చెప్పండి, ఊకదంపుడు వద్దు.

కె.ఆర్.పురం అన్న
నాలుగూ అవుతాయి. గురువారం రాత్రి హంపి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే గుంతకల్లు మీదుగా పొద్దున్నే హోసపేట. అక్కణ్ణుంచి హంపి 13 కిలోమీటర్లు. శనివారం తెల్లారకముందే కారు మాట్లాడుకుంటే 140 కిలోమీటర్లు, మూడున్నర గంటల్లో బాదామి. ఆదివారం పట్టదకల్లు 22, ఐహొళె ఇంకో 13. సాయంత్రానికి బాదామి చేరితే గోల్‌గుంబజ్ ఎక్స్‌ప్రెస్ ఉండనే ఉంది.

నిదానం
మీ లెక్కలో నడక లేదన్నా. విఠ్ఠలాలయానికి కిలోమీటరు ముందే బండ్లు ఆపేస్తారు. అక్కణ్ణుంచి బ్యాటరీ బండి, సెలవు రోజుల్లో దానికో క్యూ. ఆ ఒక్క గుడికే పూట పోతుంది. విఠ్ఠలాలయానికీ జనానా (రాణివాసం) ఆవరణకూ ఒకటే టికెట్, కానీ ఆ రోజుకే చెల్లుతుంది. రెండూ ఒకే రోజు పెట్టుకోకపోతే మళ్లీ కొనాలి. పైగా కమలాపురం మ్యూజియంకి శుక్రవారం సెలవు, మీరు హంపికిచ్చింది ఆ ఒక్క శుక్రవారమే! హజార రాముడి గుడి గోడల మీద రామాయణం వరుసగా చూడ్డానికే గంట కావాలి. రాతిరథం ముందు ఫొటో దిగి వచ్చేసేదానికి, యాభై రూపాయల నోటు చూసుకుంటే పోలా?

కె.ఆర్.పురం అన్న
నోటు మాట బావుంది. కానీ పట్టదకల్లులో ఉత్తరాది నాగర, దక్షిణాది ద్రావిడ శిఖరాలు ఒకే ఆవరణలో పక్కపక్కనే ఉంటాయి. అక్కడి విరూపాక్షాలయం చాళుక్య రాణి లోకమహాదేవి కట్టించింది, 8వ శతాబ్దం. హంపి చూసిన కంటితో దాన్ని చూస్తే గుడి ఎంత పెరిగిందో తెలుస్తుంది. అది వదిలేయమంటే ఒప్పుకోను.

మల్లేశ్వరం అక్క
ఎవరితో వెళ్తున్నారో చెప్పకుండా ఈ వాదన తేలదు. బాదామిలో ఒక గుహ నుంచి ఇంకో గుహకి మెట్లే. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు నాలుగోదాకా రాలేరు. మూడోది మాత్రం వదలొద్దు, క్రీ.శ. 578 నాటి శాసనం అక్కడే ఉంది. తినేది చేతిలో కనిపిస్తే కోతులు సంచితో సహా లాక్కుపోతాయి. ఏప్రిల్, మేలో పదకొండు దాటాక రాతినేల మీద ఉత్త పాదాలతో నడవలేరు, గుళ్లోకి మేజోళ్లు తీసుకెళ్లండి. వానాకాలంలో తుంగభద్ర డ్యామ్ గేట్లెత్తితే పుట్టి నడపరు, నది అవతలి ఆనెగొందికి రోడ్డు మీద చుట్టు తిరిగిపోవాలి.

ముందు టికెట్ సంగతి చూడండి. బుకింగ్ 60 రోజుల ముందు తెరుస్తారు. తత్కాల్ అయితే ముందురోజు ఏసీకి పదింటికి, స్లీపర్‌కి పదకొండింటికి. ఆన్‌లైన్ వెయిటింగ్ టికెట్ చార్టు వేసేసరికి ఖరారు కాకపోతే దానంతటదే రద్దవుతుంది. అప్పుడు రాత్రికి రాత్రి కారు తీస్తే బెంగళూరు శివారు నేలమంగల దాటడానికే రెండు గంటలు పోవచ్చు. అలాంటప్పుడు బాదామి ఊసెత్తకండి.