సంక్రాంతి కబడ్డీకి పిల్లల టీమ్, ఎక్కణ్ణుంచి మొదలెట్టాలి?

ముమ్మిడివరం కుర్రోడు:
అన్నలూ, మా ఊళ్ళో 13, 14 ఏళ్ళ కుర్రాళ్ళు పండక్కి కబడ్డీ టీమ్ కట్టారు. ఇంటర్ దాకా ఆడావు కదా నువ్వే చూసుకో అని పెద్దాళ్ళు నా నెత్తిన పెట్టేశారు. ఎవరికీ నేర్పిన అలవాటు లేదు. అందరూ కూతకెళ్తామనేవాళ్ళే, పట్టుకి నిలబడేవాడు ఒక్కడూ లేడు. గ్రౌండ్ వానకి బురద, ఎండితే నెర్రెలు. కోతలయ్యేదాకా సగం మంది సాయంత్రం రారు కూడా. టెన్షన్‌గా ఉంది.

లంకల రైడర్:
ముందు గ్రౌండ్ చూడు తమ్ముడూ, మిగతావి తర్వాత. మన బంకమట్టి మీద పడితే మోకాళ్ళు లేచిపోతాయి. పైపొర తవ్వించి, గడ్డలు చితక్కొట్టి, ఇసుకా జల్లించిన పశువుల ఎరువూ రంపపు పొట్టూ కలిపి, నీళ్ళు చల్లి చదును చెయ్. నత్తగుల్లలూ గాజుపెంకులూ చేత్తో ఏరాల్సిందే, వేరే దారి లేదు. మీ కుర్రాళ్ళ వయసువాళ్ళని సబ్ జూనియర్ అంటారు, వాళ్ళ కోర్టు 11 బై 8 మీటర్లు. పెద్దాళ్ళ 13 బై 10 గీసి ప్రాక్టీస్ చేయిస్తే కార్నర్లో నిలబడే దూరాలన్నీ తప్పు అలవాటవుతాయి. పండగ పోటీల కమిటీ ఏ కోర్టు పెడుతోందో ఇప్పుడే కనుక్కో.

రిటైర్డ్ పీఈటీ:
బాబూ, కూత సరదా పిల్లలకి ఎలాగూ ఉంటుంది. నువ్వు నేర్పాల్సింది పడటం, పట్టడం. మొదట్లో నడుస్తున్నవాడి మీదే యాంకిల్ హోల్డ్ చేయించు, పరిగెత్తేవాడి మీద వద్దు. రెండు చేతులూ చీలమండ చుట్టూ బిగించి తనవైపు లాక్కోవాలి, తల మాత్రం మోకాలికి ఎదురుగా పెట్టకూడదు, దవడ పగులుతుంది. గొంతు, జుట్టు, బట్టలు పట్టుకున్నా, కాళ్ళతో కత్తెర వేసినా ఫౌలే. తలకి దెబ్బ తగిలి కళ్ళు తిరుగుతున్నాయనో వాంతి వస్తోందనో అంటే ఆ రోజుకి ఆట బంద్, నేరుగా ఆసుపత్రికే. ఎంత బతిమాలినా దింపొద్దు. గోళ్ళు తీయించు. ఒంటికి కొబ్బరినూనె రాసుకుని జారిపోదామనుకునే తెలివిగల వెధవలు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు, రూల్స్ ఒప్పుకోవు.

భీమవరం డిఫెండర్:
మాస్టారు చెప్పిందే కరెక్ట్. మన కోర్టులో ముగ్గురో అంతకన్నా తక్కువో మిగిలినప్పుడు కూతకొచ్చినవాణ్ణి పట్టేస్తే సూపర్ ట్యాకిల్, రెండు పాయింట్లు. అది ఒక్కసారి రుచి చూపించు బ్రో, పట్టుకి వాళ్ళే ముందుకొస్తారు. బరువు సంగతి కూడా చూసుకో, సబ్ జూనియర్‌కి 55 కేజీల లిమిట్ ఉంది.

ముమ్మిడివరం కుర్రోడు:
మా బెస్ట్ రైడర్ 58 ఉన్నాడే! రాత్రి అన్నం మానేయమననా?

ఇద్దరబ్బాయిల అమ్మ:
ఎదిగే పిల్లల్ని పస్తులు పెడతారా నాయనా? కమిటీ నిజంగా తూకం వేస్తుందో లేదో అడగండి ముందు. వేస్తే వాణ్ణి పెద్దాళ్ళ టీమ్‌తో ప్రాక్టీస్‌కి పంపండి. ఇంకోటి, కోడిపందాల బరి పక్కన మ్యాచ్ పెడితే మా పిల్లల్ని మాత్రం పంపం. పందెంరాయుళ్ళు పిల్లల ఆట మీద కూడా డబ్బు కాస్తారు.

ముమ్మిడివరం కుర్రోడు:
అర్థమైందండి, పస్తుల మాట ఎత్తను. ఆదివారం మట్టి తవ్విస్తున్నా. పక్కూళ్ళో పీచు మిల్లు ఉంది, రంపపు పొట్టు బదులు కొబ్బరి పొట్టు వేసేయొచ్చా?

లంకల రైడర్:
వద్దు వద్దు. అది నీళ్ళు పీల్చి పట్టుకుంటుంది, పొద్దున్నే మంచుకి కోర్టంతా జారుడే. కలప అడితికెళ్ళి పొట్టు అడుగు.